తొమ్మిది సీట్ల వ్యాన్‌లో ఆల్సాస్, స్విట్జర్లాండ్: పెద్దవాళ్ళతో ఏది బాగుంది, ఏది పర్వాలేదు

యూరప్‌లో ఉంటున్న మనవాళ్ళ ఇంటికి ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని తెలియగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని దేశాలు తిప్పుతున్నారు?" అని. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే టూర్ ప్యాకేజీల పుణ్యం అది. మా అత్తయ్య, మామయ్య తెనాలి నుంచి జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మా ఇంటికి వచ్చారు. అదే సమయానికి మావారి కాలేజీ స్నేహితుడు కూడా నెదర్లాండ్స్ నుంచి భార్యాపిల్లలతో దిగాడు. అందరం కలిసి వెళ్ళే ప్రయాణానికి మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: దేశాలు తక్కువ, బస మార్చడం ఇంకా తక్కువ. ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతంలో కాస్త, స్విట్జర్లాండ్‌లో ఎక్కువ, తిరిగి వచ్చే దారిలో ఒక జలపాతం.

పెద్దవాళ్ళను పిలిపించుకోవడం వాళ్ళు విమానం ఎక్కడానికి చాలా ముందే మొదలవుతుంది. ఖర్చు మాది అని రాసి ఇచ్చే హామీపత్రాన్ని జర్మనీలో మన ఊరి విదేశీయుల కార్యాలయంలో తీసుకోవాలి. మనిషికి 29 యూరోలు. జీతం స్లిప్పులు, ఇంటి అద్దె కాగితాలు అడుగుతారు. అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు పరీక్ష, కాబట్టి టికెట్లకంటే ముందు దాని సంగతి చూడాలి. చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. చవకగా వచ్చే పాలసీల్లో చాలావాటికి బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు వర్తించవు. ఆ పేజీ చదివాకే డబ్బు కట్టండి. ఇంకొకటి, ఇండియా నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేకూడదు. అత్తయ్య వెన్న కాచిన నెయ్యి తెస్తానని పట్టుబట్టారు. కస్టమ్స్ వాళ్ళు పారేస్తే మనసు కష్టపడుతుందని చెప్పి ఆపాం. బదులుగా కందిపొడి, గోంగూర పచ్చడి వచ్చాయి, ప్రయాణంలో మమ్మల్ని కాపాడినవి అవే.

మేం మొత్తం తొమ్మిదిమందిమి. మామూలు కారు లైసెన్సుతో ఇక్కడ డ్రైవర్‌తో కలిపి తొమ్మిది సీట్ల వ్యాన్ దాకా నడపొచ్చు. రెండు కార్లా, ఒక వ్యానా అని కొంత వాదన జరిగింది. రెండు కార్లయితే ఆడవాళ్ళు ఒకదాంట్లో, మగవాళ్ళు ఒకదాంట్లో, పిల్లలు ఎక్కడ గొడవ తక్కువైతే అక్కడ. ఇక కలిసి వెళ్ళినట్టు ఏముంటుంది? వ్యానే తీసుకున్నాం. అయితే తొమ్మిది సీట్లూ నిండితే పొట్టి వ్యాన్ వెనక సూట్‌కేసులకు చోటుండదు. పొడవు మోడల్ అడిగి తీసుకోవాలి. జర్మనీలో పన్నెండేళ్ళు నిండని, 150 సెంటీమీటర్ల ఎత్తులేని పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. మా సీట్లు మేమే తెచ్చుకున్నాం, అద్దెకు తీసుకుంటే వాటి ఖర్చే తడిసి మోపెడవుతుంది. మేం వ్యాన్ తీసుకున్న చోట పాత గీతను మా ఖాతాలో వేయబోయారు. బయలుదేరే ముందు మావారు చుట్టూ తిరిగి తీసిన వీడియో చూపించాక ఊరుకున్నారు. ఏ సంస్థయినా సరే, ఆ వీడియో తీయకుండా తాళాలు తీసుకోవద్దు. ఏయే దేశాలకు వెళ్తున్నారో కూడా ముందే చెప్పి కాగితంలో రాయించుకోండి.

ఆటోబాన్, అంటే జర్మనీ హైవే మీద కార్లకు టోల్ లేదు, చాలా చోట్ల వేగానికి హద్దూ లేదు. మామయ్యకు అన్నిటికంటే నచ్చిన టూరిస్టు ప్రదేశం అదేనేమో. ఎడమ లేన్‌లో దూసుకుపోయే ప్రతి కారు పేరూ పిల్లల్ని అడిగి తెలుసుకున్నారు. నచ్చనిది హైవే టాయిలెట్. ఒక యూరో వేస్తేగానీ గేటు తెరుచుకోలేదు. "అమ్మాయ్, దీనిక్కూడా వంద రూపాయలా?" అన్నారు. దానికి ఒక యూరో కూపన్ ఇస్తారు, అదే చోట కాఫీ బిల్లులో తగ్గించుకోవచ్చని చెబితే, కాఫీ తాగితే మళ్ళీ ఇక్కడికే కదా రావాలి అని ఆయన లెక్క.

స్ట్రాస్‌బోర్గ్‌కు మా ఇంటి నుంచి రెండు గంటల లోపే. ఊరి మధ్యకు వ్యాన్ తీసుకెళ్ళాలని చూడొద్దు. ఊరి అంచుల్లో పార్క్ అండ్ రైడ్ స్థలాలున్నాయి. పార్కింగ్ టికెట్‌తోనే బండిలో వచ్చినవాళ్ళలో ఏడుగురి దాకా ట్రామ్ రానుపోను కలిసి వస్తుంది. ఈ ప్రయాణంలో డబ్బుకు తగిన సేవ అంటే నేను ముందు దీన్నే చెబుతాను. ఇక్కడి కథీడ్రల్ 142 మీటర్ల ఎత్తు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో దీనికంటే ఎత్తైన కట్టడం లేదు. రెండు శిఖరాలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంటుంది. లోపల ఖగోళ గడియారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు బొమ్మలు కదిలే వరస చూడాలంటే ముందే చేరాలి. అత్తయ్య మెట్లెక్కలేదు, లోపల కూర్చుని రంగుటద్దాల కిటికీలు చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. బయట పెతీత్ ఫ్రాన్స్ అనే పాత పేటలో కాలవల దగ్గర నడక చదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళకు ఇబ్బంది లేదు.

కొల్మార్‌లో ఆ రాత్రి బస. ఊరు ఫోటోల్లో ఉన్నంత అందంగానూ ఉంది, ఫోటోలు తీసుకునేవాళ్ళతో అంత ఇరుకుగానూ ఉంది. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి రూపమిచ్చిన శిల్పి బార్తోల్దీ పుట్టిన ఊరు ఇదే, ఊరి ఉత్తర ద్వారం దగ్గర 12 మీటర్ల నమూనా నిలబెట్టారు. "అమెరికా కూడా చూసేశాం" అని మామయ్య అక్కడ ఒక వీడియో కాల్ చేసుకున్నారు. బస మాత్రం పర్వాలేదు అంతే. చెక్క దూలాల పాత ఇల్లు, చూడముచ్చటగా ఉంది. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు మెలికలు తిరిగి ఉన్నాయి. ఇక్కడ మొదటి అంతస్తు అంటే నేల మీద నుంచి ఒకటి పైన అని గుర్తుంచుకుని చదవాలి. దుప్పట్లకు విడిగా, శుభ్రం చేసినందుకు విడిగా, ఊరి పర్యాటక పన్ను విడిగా. పడుచువాళ్ళయితే ఎగిరి గంతేసి ఉండొచ్చు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో అయితే నేను మళ్ళీ తీసుకోను.

స్విట్జర్లాండ్‌లో హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల విన్యెట్, అంటే రోడ్డు పన్ను చీటీ కావాలి. రెండు రోజులకైనా ఏడాదికైనా అదే ధర. 2023 నుంచి ఇది ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది, బండి నంబర్‌కు ముడిపడి ఉంటుంది. అద్దె బండికయితే నంబర్ తెలిశాకే కొనండి. లేదా సరిహద్దులో స్టిక్కర్ కొని అతికించుకోవచ్చు. ఈ దేశం షెంగెన్‌లో ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. అందువల్ల రెండు తలనొప్పులు. ఒకటి ఫోన్ రోమింగ్, జర్మనీ సిమ్‌లో స్విట్జర్లాండ్ కలిసి ఉందో లేదో చూసుకోకపోతే బిల్లు చూసి గుండె జారుతుంది. రెండోది కస్టమ్స్, మాంసం తలకు ఒక కిలో దాకానే. పాస్‌పోర్టులు చేతికందేలా పెట్టుకోవాలి, తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు మా వ్యాన్ ఆపి అందరివీ చూశారు.

బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఒక రైతు ఇంట్లో కింది వాటా తీసుకున్నాం. ఈ ప్రయాణాన్ని నిలబెట్టింది ఆ వాటానే. గడప దాటితే పచ్చిక, ఎదురుగా హిమానీనదాల రాతిపొడి కలిసి పాలనీలంగా కనబడే నీళ్ళు, లోపల సరైన వంటిల్లు. సోనా మసూరి బియ్యం, రైస్ కుక్కర్ స్టుట్‌గార్ట్ నుంచే తెచ్చాం. ఇంటర్లాకెన్‌లో ఇండియన్ రెస్టారెంట్లకు కొదవలేదు గానీ తొమ్మిదిమంది తింటే బిల్లు హోటల్ గది ధరను అందుకుంటుంది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దితే మధ్యాహ్నం ఏ బెంచీ దొరికితే అదే మా హోటల్. పోపు పెట్టేటప్పుడు కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పెట్టండి, పొగ అలారం మోగితే ఊరంతా తెలుస్తుంది. రాత్రి పది తర్వాత నిశ్శబ్దం, చెత్తకు డబ్బు కట్టి కొన్న సంచులే వాడాలి. ఆదివారం దుకాణాలు మూత, శనివారమే పాలు, పెరుగు తెచ్చుకోవాలి. అత్తయ్యకు ఈ నియమాలేవీ వింతగా అనిపించలేదు. ఆవిడ ఇంట్లో ఇంతకంటే కఠినం.

మంచుకొండల మీది రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోహ్‌కు అందరం వెళ్ళలేదు. 3,454 మీటర్ల ఎత్తు, అర్ధ ధర కార్డు లేకపోతే టికెట్ మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు అక్కడ తల తిరగొచ్చు. స్నేహితుడి కుటుంబం వెళ్ళింది. గ్రిండెల్‌వాల్డ్ నుంచి కొత్త కేబుల్ కారు, ఆపైన కొండను తొలిచి 1912లో పూర్తిచేసిన రైలు, పైన అలెచ్ హిమానీనదం. వాతావరణం తేటగా ఉంది కాబట్టి వాళ్ళకు డబ్బు గిట్టింది. మబ్బు పడితే మాత్రం తెల్లగోడ చూసి రావడమే, ఆ పొద్దున లైవ్ కెమెరా చూశాకే టికెట్ కొనండి.

మేం పెద్దవాళ్ళతో లౌటర్‌బ్రున్నెన్ లోయకు వెళ్ళాం. రెండు కొండగోడల మధ్య ఊరు, దాదాపు 300 మీటర్ల పైనుంచి రాలిపడే స్టౌబాఖ్ జలపాతం రోడ్డు మీద నుంచే కనబడుతుంది, పైసా ఖర్చు లేదు. అదే లోయలో ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలు కొండ కడుపులో ఉంటాయి. ఐగర్, మ్యోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మంచు కరిగిన నీళ్ళన్నీ అక్కడ గుహల్లో సుడులు తిరుగుతాయి, సెకనుకు 20,000 లీటర్ల దాకా. సగం దూరం లిఫ్ట్ ఉంది, మిగతావి తడి మెట్లు. మామయ్య రెయిలింగ్ పట్టుకుని పైదాకా వెళ్ళి వచ్చారు. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, కాబట్టి ఒకరు బయట ఉండాలి. సాయంత్రం రైల్లో వెంగెన్ ఎక్కాం, కార్లు లేని ఊరు, ఊరికే కూర్చోడానికి బాగుంది. ఇసెల్ట్‌వాల్డ్‌లో కొరియన్ సీరియల్ వల్ల పేరొచ్చిన చెక్క రేవుకు ఇప్పుడు 5 ఫ్రాంకుల గేటు పెట్టారు. పక్కనే నిలబడితే అదే సరస్సు ఉచితం.

తిరుగుదారిలో షాఫ్‌హౌజెన్ దగ్గర రైన్ జలపాతం. ఎత్తు 23 మీటర్లే, వెడల్పు 150, కానీ వేసవి మొదట్లో నీటి ఉరవడి ఒళ్ళు ఝల్లుమనిపిస్తుంది. ఉత్తర ఒడ్డున చూడ్డానికి టికెట్ లేదు, దారి చదును. దక్షిణాన లౌఫెన్ కోట వైపు టికెట్, మెట్లు ఉంటాయి, నీళ్ళు మాత్రం చెయ్యి చాస్తే అందేంత దగ్గర. తక్కువ సమయం, తక్కువ ఖర్చు, ఎక్కువ ఆనందం కావాలంటే దీనికి మించింది ఈ దారిలో లేదు.

ఇంటికి చేరాక ఒక వారాంతం నాయిష్‌వాన్‌స్టైన్ కోట కూడా చూపించాం. 1869లో బవేరియా రాజు రెండో లుడ్విగ్ మొదలుపెట్టాడు, 1886లో చనిపోయే నాటికి పూర్తికాలేదు, ఆ తర్వాత వారాల్లోనే జనానికి తెరిచారు. బయటనుంచి, ముఖ్యంగా మరియన్ వంతెన మీదనుంచి అద్భుతం. లోపల సుమారు అరగంట గైడ్ టూర్, ఫోటోలు తీయనివ్వరు, గుంపుగా తోసుకుంటూ మెట్లు. గుర్రపు బండి ఎక్కినా, బస్సెక్కినా చివర కొంత నడక తప్పదు. లోపలి టికెట్లు ముందే కొనకపోతే దొరకడం కష్టం. మేం కొన్నాం, మామయ్య, మావారు వెళ్ళారు. అత్తయ్య కింద ఊళ్ళో సరస్సు ఒడ్డున నాతో కూర్చుని, వచ్చేసారి ఎవరొచ్చినా కోట బయట నుంచే చూపించి, ఆ డబ్బుతో బ్రియెంజ్‌లో ఇంకో రాత్రి ఉంచమన్నారు. సెప్టెంబర్‌లో మా అమ్మానాన్నలు వస్తున్నారు. ఆ కింది వాటా అప్పుడే బుక్ చేశాను.