జాగ్రత్త: కాలిఫోర్నియాలో "నడుస్తున్న వైనరీ" కొనేముందు, అడ్వాన్స్ కట్టేముందు

"12 ఎకరాల కాబర్నే తోట, ఏడాదికి 10,000 కేసుల వైనరీ, జనం వచ్చే టేస్టింగ్ రూమ్, కొన్న మర్నాటి నుంచే ఆదాయం." నాపా కౌంటీలో అమ్మకానికి పెట్టిన ఒక ఆస్తి బ్రోషర్‌లో మాటలివి (కాబర్నే ఎర్ర వైన్ ద్రాక్ష రకం, కేసు అంటే 12 సీసాల పెట్టె, టేస్టింగ్ రూమ్ అంటే వచ్చినవాళ్లు వైన్ రుచి చూసి కొనుక్కునే గది). మనవాళ్లు కొందరు కలిసి అడ్వాన్స్ కట్టారు. అడ్వాన్స్ పోకుండా వెనక్కి తగ్గే వీలున్న పరిశీలన గడువు దాటిపోయాక అసలు కాగితాలు బయటపడ్డాయి. బేరం వదులుకున్నారు, అడ్వాన్స్ పోయింది. అమ్మినవాళ్ల పేరు, బ్రోకర్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే బాపతు బ్రోషర్లు సోనోమా, పాసో రోబుల్స్, లోడై లాంటి రాష్ట్రంలోని వేరే వైన్ ప్రాంతాల ఆస్తులకీ తిరుగుతున్నాయి. వైన్ అమ్మకాలు పడిపోయి, ద్రాక్ష కొనే నాథుడు లేక 2024లో చాలా తోటల్లో పంట తీగల మీదే ఎండిపోయింది. అమ్ముకుని బయటపడాలనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ధర తగ్గిందని తొందరపడేవాళ్లే వీళ్లకు దొరుకుతున్నారు.

ముందు బ్రోషర్‌లో అంకెలనే ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ఒక టన్ను ద్రాక్షకు సుమారు 60 కేసుల వైన్ వస్తుంది. నాపా కాబర్నే ఎకరానికి 4 టన్నులు ఇస్తే మంచి దిగుబడే. అంటే 12 ఎకరాలకు 48 టన్నులు, దాదాపు 2,900 కేసులు. 10,000 కేసులు కావాలంటే 165 టన్నుల పైన ద్రాక్ష ఉండాలి. మిగతా 117 టన్నులు ఎక్కడివి? బయట కొన్నవి. ఎవరి దగ్గర, ఏ ఒప్పందం మీద, ఆ ఒప్పందం ఇంకా ఉందా? ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు.

తర్వాత పర్మిట్. కేసుకు 9 లీటర్లు, అంటే సుమారు 2.38 గ్యాలన్లు. 10,000 కేసులంటే 23,800 గ్యాలన్లు. కౌంటీ ఇచ్చిన యూజ్ పర్మిట్‌లో (ఆ భూమిలో ఏం చేయొచ్చు, ఎంత చేయొచ్చు అన్న అనుమతి) ఉన్నది 12,000 గ్యాలన్లు, అంటే 5,000 కేసులు. మిగతా సగం అక్కడ తయారే కాలేదు, వేరేచోట కస్టమ్ క్రష్‌లో, అంటే కిరాయికి వైన్ చేసిపెట్టేవాళ్ల దగ్గర, చేయించుకున్నారు. బ్రోషర్‌లో "వైనరీ ఉత్పత్తి" అని రాశారే తప్ప ఎక్కడ అన్నది రాయలేదు. అబద్ధం అని కోర్టులో నిరూపించలేని మాట అది.

నాపాలో 1990లో వైనరీ డెఫినిషన్ ఆర్డినెన్స్ వచ్చింది. ఆ తర్వాత అనుమతి పొందిన వైనరీలు నాపా కౌంటీ ద్రాక్ష కనీసం 75 శాతం వాడాలి, టేస్టింగ్‌కి ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లనే రానివ్వాలి. అంతకుముందు నుంచి ఉన్న వైనరీలకు పాత హక్కులు ఉంటాయి. అందుకే "ఈ వైనరీ 1980ల నుంచి ఉంది" అన్న మాట తరచూ వినబడుతుంది. భవనం పాతదైనంత మాత్రాన హక్కు పాతదని కాదు. యూజ్ పర్మిట్ భూమితో పాటే కొత్త యజమానికి వస్తుంది. అది మంచి మాటే, కానీ దాని షరతులూ వస్తాయి: ఏడాదికి ఎన్ని గ్యాలన్లు, రోజుకు ఎంతమంది సందర్శకులు, ఏడాదికి ఎన్ని విందులు, ఎంతమంది ఉద్యోగులు. వీటిని పెంచుకోవాలంటే మార్పు దరఖాస్తు పెట్టుకోవాలి. నీటి లెక్కలు, సెప్టిక్, రోడ్డు వెడల్పు అన్నీ మళ్లీ తిరగదోడతారు, ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి బ్రోకర్ ఇచ్చిన సారాంశం పక్కన పడేసి, కౌంటీ ప్లానింగ్ ఆఫీసుకి మీరే వెళ్లి మొదటి పర్మిట్, దాని షరతుల కాగితం, తర్వాత జరిగిన ప్రతి సవరణ, ఉల్లంఘన నోటీసులు ఉంటే అవీ తీసుకోండి. ఈ రికార్డులు ఎవరైనా అడిగి చూడొచ్చు. మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా చవకైన పని లేదు.

కౌంటీ పర్మిట్ భూమితో వస్తుందని, లైసెన్సులు కూడా అలాగే వస్తాయనుకోకండి. ఫెడరల్ వైన్ పర్మిట్ ఇచ్చేది టీటీబీ, అంటే మద్యం, పొగాకు వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ. ఆస్తి అమ్మితే ఆ పర్మిట్ కొత్తవాళ్లకు బదిలీ కాదు, మీ పేరున కొత్తది తీసుకోవాలి. కంపెనీ వాటాలు కొని యాజమాన్యం మారితే 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి, లేకపోతే ఉన్నది రద్దవుతుంది. వాటాలు కొనడం సులువు కదా అని లాయర్ లేకుండా ఆ దారిలో వెళ్తే పాత అప్పులు, పాత పన్నులు, పాత కేసులూ మీ నెత్తిన పడతాయి. రాష్ట్రంలో ఏబీసీ (మద్యం నియంత్రణ శాఖ) దగ్గర వైన్‌గ్రోయర్ లైసెన్స్ బదిలీకి వైనరీ గేటు దగ్గర 30 రోజులు నోటీసు అంటించి ఉంచాలి. లేబుల్ అనుమతులు కూడా పర్మిట్ ఉన్నవాళ్ల పేరునే ఉంటాయి. ఇవన్నీ అందేదాకా సెల్లార్‌లో (వైన్ నిల్వ గదిలో) వైన్ మీదైనా మీరు అమ్మలేరు. "మర్నాటి నుంచే ఆదాయం" అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఇక తోట. ఇక్కడే అసలు డబ్బు పోయేది.

ఆ ఆస్తిని చూపించింది జనవరిలో. ఆకు లేని తోటలో చక్కగా కత్తిరించిన తీగలు, బిగువుగా లాగిన ఇనుప తీగలు, శుభ్రమైన వరసలే కనబడతాయి. జబ్బు బయటపడేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. ఎర్ర ద్రాక్షలో రెండు వైరస్‌లను ఆకు చూసి కొంతవరకు పోల్చుకోవచ్చు. లీఫ్‌రోల్ అయితే ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి, ఆకు ఎర్రబడినా ఈనెలు పచ్చగానే ఉంటాయి. రెడ్ బ్లాచ్ అయితే ఆకు మీద అక్కడక్కడ ఎర్రటి మచ్చలు వస్తాయి, ఆకు తిప్పి చూస్తే ఈనెలు కూడా ఎర్రబడి ఉంటాయి, అంచులు ముడుచుకోవు. షార్డొనే లాంటి తెల్ల రకాల్లో ఎరుపు రాదు కాబట్టి కంటితో తేల్చడం కష్టం. ఈ రెండింటికీ మందు లేదు. రెడ్ బ్లాచ్ తగిలిన తీగలో పండు తీపి ఎక్కదు, వైనరీ అడిగిన బ్రిక్స్‌కి (చక్కెర శాతానికి) చేరదు, లోడు వెనక్కి వస్తుంది. జబ్బు తీగలు తక్కువైతే వాటిని పీకి కొత్తవి నాటుకోవచ్చు. దాదాపు 30 శాతం దాటితే బ్లాక్ (తోటలో ఆ భాగం) మొత్తం తీసేయడమే మేలని లెక్కలు చెబుతాయి. కొత్త తోట నుంచి అమ్ముకోదగ్గ పంట మూడో ఏడాదికి గానీ రాదు. ఈలోపు డ్రిప్పు, కూలీ, పన్ను, బ్యాంకు వాయిదా అన్నీ మీ జేబులోంచే. నాపాలో వాలు 5 శాతం దాటిన నేలలో మట్టి కదిలించాలంటే నేల కోతను ఆపే ప్లాన్ కూడా కౌంటీకి సమర్పించుకోవాలి.

చలికాలంలోనే కొనాల్సి వస్తే, నిద్రలో ఉన్న కొమ్మల నుంచి కూడా ల్యాబ్ పీసీఆర్ పరీక్ష చేస్తుంది. రోడ్డు పక్కన బాగున్న తీగలు కాకుండా ప్రతి బ్లాక్‌లోంచి, వరస చివర్లు, మధ్య భాగం కలిసేలా నమూనాలు మీ మనిషి తీయాలి. అమ్మేవాళ్లు తీసిచ్చిన నమూనాలకు విలువ లేదు. ఒక రంపం కూడా పట్టుకెళ్లండి. అనుమతి తీసుకుని పాత తీగ చేతుల్లో (కాండం నుంచి పక్కకి పాకిన లావు కొమ్మల్లో) రెండు మూడు అడ్డంగా కోసి చూడండి. కోతలో చెక్క లేత రంగులో ఉంటే సరే. గోధుమ రంగులో ముక్కోణపు ముక్కలా చచ్చిన చెక్క కనిపిస్తే అది కాండం కుళ్లు, యూటైపా కావచ్చు, బాట్రియోస్ఫేరియా కావచ్చు. ఏటా ఒక్కో చేయి ఎండిపోతూ దిగుబడి జారుతుంది.

ఖాళీలు కూడా లెక్కపెట్టండి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు చూసినవాళ్లకు తెలుసు, పందిరి కింద ఖాళీ కంటికి ఆనదు. ఇక్కడ వరసలు కాబట్టి నడుస్తూ లెక్కపెట్టొచ్చు. 8 అడుగులకు 5 అడుగుల ఎడమైతే ఎకరాకు 1,089 తీగలుండాలి. వందకు 15 లేకపోతే మీరు కొంటున్నది 12 ఎకరాలు కాదు, పదికి కాస్త పైన. వేరుమూలం (తీగను అంటుకట్టిన వేరు మొక్క) పేరు, నర్సరీ బిల్లు, నాటిన ఏడాది అడగండి. 1980ల దాకా ఏఎక్స్ఆర్1 వేరుమూలం మీద వేసిన తోటలు చాలావరకు వేళ్లను పట్టే ఫిలోక్సెరా పురుగుకి బలై నాపా, సోనోమా మళ్లీ నాటుకోవాల్సి వచ్చింది. వేరుమూలం పేరు చెప్పలేని యజమానిని నమ్మకండి.

నీటి విషయంలో "బావి ఉంది" అంటే సరిపోదు. నిమిషానికి ఎన్ని గ్యాలన్లు, ఎన్ని గంటలు పంపు నడిపినా అంతే వస్తోందా, పంపు ఆపాక నీటిమట్టం ఎంతసేపటికి తిరిగి పైకొచ్చింది అన్నది స్వతంత్ర బావి పరీక్షలో తేలాలి. బోరాన్, క్లోరైడ్, సోడియం కూడా చూడాలి. మంచు కాపుదలకు పైనుంచి చల్లే స్ప్రింక్లర్లకు ఎకరాకు నిమిషానికి సుమారు 50 గ్యాలన్లు కావాలి. 12 ఎకరాలకు 600. బావి నుంచి వచ్చేది 30 అయితే చెరువు ఉండి తీరాలి, ఆ చెరువుకి నీటి హక్కు కాగితం వేరుగా ఉండాలి. పాసో రోబుల్స్ అయితే ఇంకా జాగ్రత్త. అక్కడి భూగర్భ జలాలు ప్రమాదకరంగా తోడేసిన జాబితాలో ఉన్నాయి. 2013 నుంచి కౌంటీ కొత్తగా నాటడం మీద ఆంక్షలు పెట్టింది. "ఖాళీ 20 ఎకరాల్లో మీరు తోట వేసుకోవచ్చు" అని బ్రోకర్ అంటే కౌంటీ నుంచి రాతలో తెమ్మనండి.

ఆదాయం లెక్కలకు అమ్మేవాళ్ల ఎక్సెల్ షీట్ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ప్రతి ఏటా గ్రేప్ క్రష్ రిపోర్టు ఉచితంగా వస్తుంది, ఫిబ్రవరిలో ప్రాథమికం, తర్వాత తుది లెక్క. రాష్ట్రాన్ని 17 జిల్లాలుగా విడగొట్టి రకం వారీగా టన్ను ధర ఇస్తారు. నాపా 4, సోనోమా 3, లోడై 11, పాసో రోబుల్స్ 8వ జిల్లాలో పడతాయి. ఆ సగటు కన్నా ఎక్కువ ధర చూపిస్తే, ఆ ధరకి కొంటానన్న వైనరీ సంతకం చేసిన ఒప్పందం చూడాలి: గడువు ఎప్పటిదాకా, యజమాని మారితే చెల్లుతుందా, బ్రిక్స్ తగ్గితే లేదా పొగ వాసన ఉంటే నిరాకరించే హక్కు ఎవరికి ఉంది. పైన చెప్పిన బేరంలో చూపించిన ఒప్పందం గడువు అంతకుముందు కోతతోనే అయిపోయింది.

సెల్లార్‌లో ఉన్న వైన్‌ని ఆస్తిగా లెక్కకట్టి ధరలో కలుపుతారు. పీపాకు సుమారు 60 గ్యాలన్లు, 25 కేసులు అని గుణించడం సులువు. ఒక్కో లాట్‌కి (విడిగా చేసిన ఒక్కో విడత వైన్‌కి) ల్యాబ్ రిపోర్టు అడగండి. రెడ్ వైన్‌లో వోలటైల్ ఆసిడిటీ (వెనిగర్ పులుపు) కాలిఫోర్నియాలో లీటరుకు 1.2 గ్రాములు దాటితే అమ్మడానికి పనికిరాదు. 2020 కార్చిచ్చుల ఏడాది, ఆ వైన్ అయితే పొగ పరీక్ష తప్పనిసరి. పొగ నుంచి వచ్చే గ్వయకాల్ అనే పదార్థం విడిగా ఎంత ఉందన్నదే కాకుండా చక్కెరతో అంటుకుని ఉన్నది ఎంత అన్నది కూడా కొలిపించండి. అంటుకున్నది సీసాలో మెల్లగా విడిపోయి బూడిద రుచి తెస్తుంది. వేరేవాళ్ల దగ్గర కొన్న ద్రాక్షకు డబ్బు చెల్లించకపోతే, కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఆ రైతుకు వైన్ మీద హక్కు ఉంటుంది. కాబట్టి చివరి రెండు కోతల రైతుల పేర్లు తీసుకుని, అందరికీ చెల్లింపులు జరిగాయని రాతలో తీసుకోండి.

భూమి విలియమ్‌సన్ యాక్ట్ ఒప్పందంలో (భూమిని సాగుకే ఉంచుతామని కౌంటీతో చేసుకునేది) ఉందేమో టైటిల్ రిపోర్టులో చూడండి. పన్ను తగ్గుతుంది, కానీ పదేళ్ల ఒప్పందం ఏటేటా తనంతట తానే పొడిగించుకుంటుంది. మధ్యలో రద్దు చేసుకోవాలంటే కౌంటీ ఒప్పుకోవాలి, విలువలో 12.5 శాతం జరిమానా కట్టాలి. అందులో లేని భూమైతే కొనగానే కొత్త ధర మీద పన్ను లెక్కిస్తారు, సప్లిమెంటల్ బిల్లు విడిగా వస్తుంది. బీమా కోట్ అడ్వాన్స్ ముందే తీసుకోండి. అగ్ని ప్రమాద ప్రాంతాల్లో మామూలు కంపెనీలు వెనక్కి వెళ్లిపోయాయి. మిగిలింది ఫెయిర్ ప్లాన్, అంటే ఇంకెవరూ ఇవ్వనప్పుడు దిక్కయ్యే రాష్ట్ర బీమా పథకం. అది వైనరీ భవనాలకు వర్తించేలా 2021లో చట్టం మార్చారు కానీ తీగలకు, పంటకు కాదు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు రెండు మాటలు. వాటా ఉండొచ్చు, కానీ మీ టేస్టింగ్ రూమ్‌లో మీరే గ్లాసు నింపి ఇవ్వడం పని కిందకే వస్తుంది. గ్రీన్ కార్డు లేనివాళ్లు సాగుభూమి కొంటే 90 రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖకు అఫీడా ఫారం (విదేశీయుల చేతిలోని సాగుభూమి వివరాలది) పెట్టాలి. పెట్టకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. ఈ సంగతి చాలామంది రియల్టర్లకే తెలియదు. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపాలనుకుంటే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉంది. ముగింపు తేదీ ఏప్రిల్‌కి అటూ ఇటూ పెట్టుకుంటే రెండేళ్ల పరిమితి కలిసొస్తుంది. అమ్మేవాళ్లు విదేశీయులైతే ధరలో 15 శాతం ఆపి ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) కట్టాల్సిన బాధ్యత మీది.

ఆఖరుగా, అడ్వాన్స్ పోయిన చోటు. ఒప్పందంలో గడువులోపు అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని ఉంది. ల్యాబ్ ఫలితాలు రాకుండానే గడువు దాటింది. మీ ఒప్పందంలో దీన్ని తిరగేసి రాయించండి: గడువులోపు మీరు రాతలో ఒప్పుకోకపోతే బేరం రద్దు, అడ్వాన్స్ వెనక్కి. యూజ్ పర్మిట్ కాగితాలు, వైరస్ పరీక్ష, బావి పరీక్ష, బీమా కోట్, లైసెన్స్ దరఖాస్తు, ఒక్కోదానికి ఒక్కో షరతు విడివిడిగా పెట్టించండి. గడువు రోజుల లెక్క సంతకం తేదీ నుంచి కాకుండా, అడిగిన కాగితాలన్నీ మీ చేతికి అందిన తేదీ నుంచి మొదలవ్వాలి. దీనికి ఒప్పుకోనివాళ్ల దగ్గర ఒక్క డాలరు కూడా ఎస్క్రోలో (బేరం ముగిసేదాకా డబ్బు ఉంచే మధ్యవర్తి ఖాతాలో) పెట్టకండి.