యూకేలో ఫోన్ కాంట్రాక్ట్: క్రెడిట్ ఫైల్ ఖాళీగా ఉన్నవాళ్లకి ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

మాస్టర్స్‌కని దిగిన వారంలోనే మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటుంది. బజార్లో కనిపించిన మొదటి ఫోన్ షాపులోకి వెళ్లి కొత్త ఐఫోన్ కాంట్రాక్ట్ అడుగుతారు. పావుగంట ఫారం నింపాక స్క్రీన్ మీద ‘సారీ’ అని వస్తుంది. కౌంటర్ దగ్గరున్న కుర్రాడికి కారణం తెలియదు, ఎందుకంటే అతని సిస్టమ్‌కి వచ్చేది అవుననో కాదనో ఒక్క జవాబే. దాంతో పక్క షాపుకి వెళ్తారు. అక్కడా అదే. సాయంత్రానికి నాలుగు దరఖాస్తులు, నాలుగు తిరస్కారాలు, పైగా ఫైల్లో నాలుగు హార్డ్ సెర్చ్‌లు, అంటే మిగతా సంస్థలకీ కనిపించే తనిఖీ గుర్తులు.

ఇక్కడ చెడ్డ పేరు ఏమీ లేదు, అసలు పేరే లేదు. ఎవరు అప్పులు, బిల్లులు ఎలా కట్టారో రాసి ఉంచే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ ఏజెన్సీల దగ్గర మీ ఫైల్ ఖాళీ. 24 నెలలు డబ్బు కడతారో లేదో ఊహించడానికి నెట్‌వర్క్‌కి ఆధారం దొరకదు. ఇక్కడే పుట్టి పెరిగిన 18 ఏళ్ల పిల్లలదీ ఇదే బాధ. ఇండియాలో సిబిల్ స్కోరు 800 ఉందని చెప్పినా ఫోన్ కాంట్రాక్ట్ దగ్గర పనికిరాదు. సిబిల్ యజమాని ట్రాన్స్‌యూనియనే అయినా ఆ ఫైల్ సముద్రం దాటి రాదు.

కాబట్టి అందుబాటులో ఉన్న దారుల్ని ఒక్కొక్కటిగా తూచి చూద్దాం.

మొదటిది 30 రోజుల సిమ్. గిఫ్‌గాఫ్, వోక్సీ, స్మార్టీ, లెబారా లాంటివి. ముందు డబ్బు కట్టి తర్వాత వాడుకునే పద్ధతి కాబట్టి క్రెడిట్ చెక్ ఉండదు. ఇష్టం లేకపోతే వచ్చే నెల ఆపేయొచ్చు. ఇవి పెద్ద నెట్‌వర్కుల టవర్ల మీదే నడుస్తాయి: గిఫ్‌గాఫ్ ఓటూ మీద, వోక్సీ, లెబారా వోడాఫోన్ మీద, స్మార్టీ త్రీ మీద. అందుకే కొనేముందు మీ ఇంటి పోస్ట్‌కోడ్‌తో ఆ పెద్ద నెట్‌వర్క్ కవరేజ్ చూసుకోండి. ఇటుక గోడల పాత ఇళ్లలో వీధిలో వచ్చే సిగ్నల్ గదిలోకి రాకపోవచ్చు. ఇండియాకి వాట్సాప్‌లోనే మాట్లాడతారు కదా, ఇంటర్నేషనల్ నిమిషాల ప్యాక్ చూసి మోసపోకుండా డేటా ఎంతొస్తుందో చూడండి. దీనికి లోటు ఒకటే. ముందే డబ్బు కట్టేస్తారు కనుక ఇది క్రెడిట్ ఫైల్లో నమోదు కాదు. ఏడాది వాడినా ఫైల్ ఖాళీగానే ఉంటుంది. అయినా మొదటి మూడు నెలలకి దీనికి మించినది లేదు.

రెండోది 12 నెలల సిమ్ ఓన్లీ, పే మంత్లీ. అసలు విలువంతా ఇక్కడుంది. ఇందులో ఫోన్ ఉండదు, నెల బిల్లు డైరెక్ట్ డెబిట్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే పోతుంది. క్రెడిట్ చెక్ ఉంటుంది కానీ ఫోన్ ఇవ్వరు కనుక నెట్‌వర్క్ పోగొట్టుకునేది చిన్న మొత్తమే కాబట్టి ఫోన్ కాంట్రాక్ట్ కంటే తేలిగ్గా ఇస్తారు. బిల్లు సరిగ్గా కట్టిన ప్రతి నెలా మీ ఫైల్లో ఒక మంచి గుర్తు పడుతుంది. తర్వాత ఫోన్ కాంట్రాక్ట్‌కి పనికొచ్చే చరిత్ర ఇదే.

కానీ దీనికి దరఖాస్తు చేసేముందు మూడు పనులు కావాలి. ఈ మూడూ చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ ఫలితంలో తేడా చాలా ఉంటుంది.

ఒకటి, ఓటరు నమోదు. ఇది మనవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి. భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, యూకేలో ఉండటానికి చెల్లుబాటయ్యే వీసా ఉన్న స్టూడెంట్ కూడా ఇక్కడి ఓటరు జాబితాలో చేరొచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అయిదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ (ఉద్యోగం, పన్నుల కోసం ప్రభుత్వం ఇచ్చే నంబర్) అడుగుతారు. ఇంకా రాకపోతే ఎందుకు లేదో రాయాలి, అప్పుడు కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పాస్‌పోర్ట్ లాంటి ఆధారం అడుగుతుంది. ఆ అడ్రస్‌లో మీరు నిజంగానే ఉంటున్నారని క్రెడిట్ ఏజెన్సీలు నిర్ధారించుకునేది ఈ జాబితాతోనే. ఎవరైనా కొనుక్కోగల ‘ఓపెన్ రిజిస్టర్’లో పేరు వద్దని టిక్ పెట్టినా ఫర్వాలేదు, ఏజెన్సీలు చూసేది పూర్తి జాబితా. జాబితా నెల నెలా మారుతుంది కానీ శరదృతువులో ఇంటింటి సర్వే జరిగేటప్పుడు మార్పులు ఆగి, కొత్త జాబితా డిసెంబర్ 1 ప్రాంతంలో వస్తుంది. సెప్టెంబర్‌లో దిగినవాళ్లకి ఆలస్యం కావడానికి ఒక కారణం ఇదే.

రెండు, బ్యాంకు ఖాతా. యూనివర్సిటీ ఇచ్చే బ్యాంకు లెటర్‌తో తెరవండి. కరెంట్ అకౌంట్ చాలావరకు ఫైల్లో నమోదవుతుంది. జీతమో ఇంటి నుంచి డబ్బో పడే తేదీకి రెండు మూడు రోజుల తర్వాత డైరెక్ట్ డెబిట్ పెట్టుకోండి. ఖాతాలో పైసలు లేక డెబిట్ వెనక్కి పోతే మీ మొదటి గుర్తే చెడ్డ గుర్తవుతుంది. ఆలస్యమైన చెల్లింపు ఫైల్లో ఆరేళ్లు ఉంటుంది.

మూడు, అడ్రస్ ఒకే రకంగా రాయడం. చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఖాళీ ఫైల్ ఉన్నవాళ్ల దరఖాస్తులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. బ్యాంకులో ‘ఫ్లాట్ 2’ అని, ఓటరు జాబితాలో ‘2ఏ’ అని, నెట్‌వర్క్ ఫారంలో ఉత్త ‘2’ అని ఉంటే, కంప్యూటర్‌కి అవి మూడు ఇళ్లు. ఫారంలో పోస్ట్‌కోడ్ కొడితే వచ్చే జాబితా నుంచే ఎంచుకోండి, చేత్తో టైప్ చేయకండి. పేరు కూడా అంతే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా లేక ఒకే పేరుగా ఉన్న మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలకి ఇది ఎప్పుడూ ఉండే తలనొప్పి. బ్యాంకు ఏ వరసలో రాసిందో అన్నిచోట్లా అదే రాయండి.

అడ్రస్ ప్రూఫ్‌గా కౌన్సిల్ టాక్స్ బిల్లు తెమ్మంటే కంగారు పడొద్దు. ఇంట్లో అందరూ ఫుల్ టైమ్ స్టూడెంట్లయితే కౌన్సిల్ టాక్స్ మినహాయింపు ఉంటుంది, అందుకే బిల్లే రాదు. బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వండి.

ఇవన్నీ అయ్యాక దరఖాస్తుకి ముందు మీ ఫైల్ మీరే చూసుకోండి. చట్టం ప్రకారం మూడు ఏజెన్సీలూ రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. క్లియర్‌స్కోర్ యాప్‌లో ఈక్విఫాక్స్ ఫైల్, క్రెడిట్ కర్మ యాప్‌లో ట్రాన్స్‌యూనియన్ ఫైల్ కనిపిస్తాయి. అక్కడి స్కోర్ అంకెని పట్టుకుని కూర్చోకండి, నెట్‌వర్క్ తన లెక్క తనే వేసుకుంటుంది. అడ్రస్, ఓటరు నమోదు, ఖాతాలు సరిగ్గా ఉన్నాయా అన్నదే చూడాలి. సాఫ్ట్ సెర్చ్‌తో ‘వచ్చే అవకాశం ఉందా’ అని చెప్పే చోట ముందు అదే వాడండి, దాని జాడ మరో సంస్థకి కనిపించదు. కాదంటే, ఏ ఏజెన్సీ ఫైల్ చూశారో అడిగి తెలుసుకుని, కనీసం మూడు నెలలు ఆగండి.

మూడోది ఫోన్‌తో కలిపిన కాంట్రాక్ట్. ఆరు నెలల సిమ్ ఓన్లీ చరిత్ర తర్వాత వచ్చే అవకాశం ఉంది. ఖరీదైన మోడల్ కాదన్నచోట చిన్న మోడల్‌కి అవునంటారు, ముందు కట్టే మొత్తం పెంచితే ఇంకా తేలిక. కొన్నిచోట్ల డిపాజిట్ అడిగి, కొన్ని నెలలు సరిగ్గా కట్టాక తిరిగి ఇస్తారు. అయితే లెక్క వేయకుండా సంతకం చేయొద్దు. ఉదాహరణకి ఫోన్ విడిగా 600 పౌండ్లు, సిమ్ నెలకి 8 చొప్పున 24 నెలలకి 192, మొత్తం 792. అదే ఫోన్ కాంట్రాక్ట్‌లో ముందు 30, నెలకి 38 అంటే 942. ఆ 150 పౌండ్ల తేడా వాయిదాల సౌకర్యానికి కట్టే ధర. కొన్ని నెట్‌వర్కులు ఫోన్‌ని వేరే లోన్‌గా 36 నెలల దాకా చూపిస్తాయి, నెల మొత్తం చిన్నగా కనిపించడానికి. ఒక ఏడాది కోర్సుకి వచ్చి మూడేళ్ల లోన్ తీసుకోవడం ఏ లెక్కన చూసినా తేడాయే. రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) ఫోన్ కొని సిమ్ ఓన్లీ వేసుకోవడమే మేలు. చేతులు మారిన ఫోన్ కొంటే *#06# కొట్టి ఐఎంఈఐ (ఆ ఫోన్‌కి ఉండే ప్రత్యేక నంబర్) చూసి, బ్లాక్ అయినదేమో సరిచూసుకోండి.

బిల్లు మధ్యలో పెరిగే సంగతి కూడా చూడండి. 2025 జనవరి 17 నుంచి చేసుకున్న కొత్త కాంట్రాక్టుల్లో పెంపు ఎంతో, ఎప్పుడో పౌండ్లు, పెన్నీల్లో ముందే చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమం. ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన శాతాలు కుదరవు. మీ కాంట్రాక్ట్ సారాంశంలో ఆ వాక్యం వెతకండి. ప్యాక్ దాటి ఖర్చు కాకుండా బిల్లుకి పరిమితి పెట్టమని అడిగే హక్కు కూడా ఉంది, ముందే సున్నా పెట్టించుకోండి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. షాపులో తీసుకుంటే ఆ హక్కు చట్టపరంగా లేదు. అందుకే ఆన్‌లైన్ మేలు.

ఇక నాలుగోది, సీనియర్ అన్నయ్య పేరు మీద తీసుకోవడం. వద్దు. మీరు ఒక్క నెల ఆలస్యం చేస్తే మచ్చ అన్నయ్య ఫైల్లో పడుతుంది, సరిగ్గా కడితే మంచి గుర్తూ ఆయనకే. మీ ఫైల్ ఖాళీ ఖాళీగానే.

‘క్రెడిట్ చెక్ లేదు, కాంట్రాక్ట్ ఫోన్ గ్యారంటీ’ అనే ప్రకటనలకి సున్నా మార్కులు. నెల వాయిదా చూడ్డానికి చిన్నగానే ఉంటుంది, మొత్తం కూడితే ఫోన్ ధరని ఎక్కడో దాటేస్తుంది. అంతకన్నా ప్రమాదం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆఫర్: మీ పేరు మీద రెండు మూడు కాంట్రాక్టులు తీసుకుని ఫోన్లు మాకివ్వండి, చేతికి డబ్బిస్తాం, తర్వాత మేమే రద్దు చేయిస్తాం అని. ఎవరూ రద్దు చేయరు. బాకీ మీది, మోసమూ మీదే. మోసాల సమాచారాన్ని బ్యాంకులు పంచుకునే సీఫాస్ అనే సంస్థ జాబితాలో ఫ్రాడ్ గుర్తు పడితే ఆరేళ్ల దాకా ఉంటుంది, బ్యాంకు ఖాతా కూడా మూసేయొచ్చు. కష్టంలో ఉన్న పిల్లల్నే వీళ్లు వెతుక్కుంటారు.

నెట్‌వర్క్ మారాలంటే ఆ సిమ్ నుంచే 65075కి ‘పీఏసీ’ (PAC) అని మెసేజ్ పంపండి, నిమిషంలో కోడ్ వస్తుంది, 30 రోజులు పనిచేస్తుంది, నంబర్ మీదే ఉంటుంది. కాంట్రాక్ట్ గడువు ఇంకా ఎంతుంది, ముందే వదిలేస్తే ఎంత కట్టాలి అన్నది 85075కి ‘ఇన్ఫో’ (INFO) అని పంపితే తెలుస్తుంది. మెసేజ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లో పంపాలి. చదువయ్యాక ఇంటికి వెళ్లిపోతున్నట్టయితే నంబర్ అక్కర్లేదు కాబట్టి 75075కి ‘ఎస్‌టీఏసీ’ (STAC) అని పంపి ఆ కోడ్‌తో ముగించండి. చివరి బిల్లు డెబిట్ అయ్యేదాకా ఇక్కడి బ్యాంకు ఖాతా మూయకండి.