ఐసీయూ నర్సింగ్ విద్యార్థులకు వార్క్ మేలా, కోల్బ్ మేలా?

బీఎస్సీ నర్సింగ్ తర్వాత కొన్నేళ్లు వార్డుల్లో పనిచేసి క్రిటికల్ కేర్ శిక్షణకు వచ్చినవారిని ‘మీరు ఎలా నేర్చుకోవడానికి ఇష్టపడతారు?’ అని అడగడం మంచిదే. ఆ జవాబును ఏ పద్ధతిలో రాబట్టాలి, రాబట్టాక దేనికి వాడాలి అన్నదగ్గరే చిక్కు వస్తుంది. అందుకు ముందున్న రెండు దారులు వార్క్, కోల్బ్.

న్యూజీలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ పేరుతో ముడిపడిన వార్క్ ప్రశ్నావళి, చూడడం, వినడం, చదివి రాయడం, చేయడం అనే నాలుగు మార్గాల్లో అభ్యాసకుని మొగ్గును చూపుతుంది. అది తేలిక, త్వరగా ముగుస్తుంది. తరగతంతా స్లైడ్లతోనే నడుపుతున్న అధ్యాపకురాలిని ఆలోచింపజేస్తుంది కూడా. అయితే మొగ్గుకు తగినట్టు బోధిస్తే బాగా నేర్చుకుంటారన్న నమ్మకానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం తన సమీక్షలో తేల్చింది. ఐసీయూలో ఆ విషయం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: ఊపిరితిత్తుల్లోని శబ్దాన్ని ఎవరైనా స్టెతస్కోప్‌తో విని తెలుసుకోవలసిందే, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కడం మానికిన్ (శిక్షణ బొమ్మ) మీద చేతులతో సాధన చేయవలసిందే, రక్తపోటును నిలబెట్టే నారడ్రినలిన్ మందు మోతాదు లెక్కను కాగితం మీద వేసి చూడవలసిందే. పైగా లెక్కలంటే వెనుకాడే విద్యార్థిని ‘నాది చేసి నేర్చుకునే శైలి’ అనుకుంటే, ఆమెకు అన్నిటికంటే అవసరమైన సాధనే తప్పిపోతుంది.

అమెరికా విద్యా సిద్ధాంతవేత్త డేవిడ్ కోల్బ్ 1984లో పుస్తకరూపంలో వివరించిన నమూనా అనుభవం, దాని గురించిన ఆలోచన, సూత్రం, మళ్లీ ప్రయోగం అనే చక్రంగా సాగుతుంది. దాని నుంచి నాలుగు శైలులను తీసి విద్యార్థులకు పేర్లు తగిలిస్తే వార్క్‌లోని లోపమే ఇందులోనూ తిరిగి వస్తుంది. చక్రంగానే వాడితే మాత్రం ఈ శిక్షణకు చక్కగా అతుకుతుంది. వాల్యూమ్ కంట్రోల్‌లో (ప్రతి శ్వాసకూ నిర్ణీత పరిమాణంలో గాలి పంపే పద్ధతిలో) ఉన్న రోగికి వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం మోగిందనుకుందాం. విద్యార్థిని రోగిని చూసి, ట్యూబు మడత పడలేదని గమనించి, కఫం ఉందని గుర్తించి సక్షన్ చేసింది (దాన్ని గొట్టంతో పీల్చి తీసింది), అలారం ఆగింది. అంతటితో వదిలేస్తే ఆమెకు మిగిలేది ‘అలారం వస్తే సక్షన్’ అన్న తప్పుడు పాఠమే. ఆ తర్వాత కూర్చుని పీక్ ప్రెషర్ (గాలి లోపలికి వెళ్లేటప్పటి గరిష్ఠ ఒత్తిడి) పెరిగినా ప్లాటో ప్రెషర్ (గాలి ప్రవాహం ఆగిన క్షణంలో ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) ఎందుకు పెరగలేదో ఆలోచిస్తే, ఇబ్బంది వాయుమార్గంలోని నిరోధం వల్లేనని అర్థమవుతుంది. రెండూ కలిసి పెరిగిన మరో రోగి దగ్గర ఊపిరితిత్తి బిగుసుకుందా, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఏర్పడిందా అని ఆమె వెదుకుతుంది.

అందుకే నా మొగ్గు కోల్బ్ వైపే, అదీ చక్రంగా వాడేంతవరకే. భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ క్రిటికల్ కేర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ, అందులో ఎక్కువ కాలం రోగుల దగ్గరే గడుస్తుంది కనుక అనుభవానికి కొరత లేదు. కొరతంతా ఆలోచించే సమయానికే. రాత్రి డ్యూటీ దిగిన విద్యార్థిని హ్యాండోవర్ ఇచ్చి అలసటతో ఇంటికి వెళ్లిపోతుంది, ఆ రాత్రి జరిగినది ఆమెతోనే వెళ్లిపోతుంది. వార్క్ ప్రశ్నావళిని తొలి వారంలో సంభాషణ మొదలుపెట్టడానికి వాడుకుని పక్కన పెట్టవచ్చు. కోల్బ్ చక్రానికి మాత్రం డ్యూటీ వేళల్లోనే చోటివ్వాలి: షిఫ్టు ముగియకముందే ఒక్క కేసు గురించి పదిహేను నిమిషాలు, బోధకురాలు పక్కన కూర్చుని అడిగే ప్రశ్నలతో.