మన మనిషా, అక్కడి మనిషా, ఏజెంటా: విదేశీ మార్కెట్‌లో జట్టు కట్టడానికి ఏది మేలు?

వరంగల్ దర్రీలకు (మగ్గంపై నేసే నూలు తివాచీలకు) 2018లో, చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే గుర్తింపు ఒక్కటే సరుకును అమ్మిపెట్టదు. విదేశంలో దానిని చూపించి, బేరం కుదిర్చి, తేడా వస్తే జవాబు చెప్పే మనుషులు కావాలి. వారిని ఇక్కడి నుంచి పంపాలా, అక్కడివారిని నియమించుకోవాలా, కమీషన్ ఏజెంటుకు అప్పగించాలా అన్నది సరుకును బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది.

వరంగల్‌లోని కొత్తవాడ నుంచి జర్మనీకి దర్రీలు పంపే వ్యాపారినే తీసుకుందాం. ఇక్కడి నుంచి వెళ్లిన మనిషికి మగ్గం తెలుసు; ఏ రంగు కుదురుతుందో, ఏ కొలతకు ఎన్ని రోజులు పడుతుందో కొనేవారి ఎదుటే చెప్పగలడు. కానీ వీసా, వసతి, భాష అనే మూడు భారాలను మోస్తూ పరిచయాలు పెంచుకోవడానికి అతనికి చాలా కాలం పడుతుంది. జర్మన్ ఉద్యోగికి ఆ పరిచయాలు ముందే ఉంటాయి. ఏటా జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే హైమ్‌టెక్స్‌టిల్ ప్రదర్శనలో ఎవరిని కలవాలో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే జీతానికి తోడు, అందులో సుమారు ఐదో వంతును సామాజిక బీమా కింద యజమాని చెల్లించాలి. తొలగించడం అసాధ్యమన్న భయం మాత్రం చిన్న జట్టుకు అంతగా వర్తించదు: అక్కడి ఉద్యోగ రక్షణ చట్టం సాధారణంగా పదిమందికి మించిన సంస్థలకు, అదీ ఆరు నెలల సర్వీసు దాటాకే వర్తిస్తుంది. ఇద్దరిలో ఎవరైనా సరే, అక్కడే ఉండి కంపెనీ తరఫున తరచూ ఒప్పందాలు ఖరారు చేస్తే, ఆ దేశంలో మన లాభంపై పన్ను పడే అవకాశం ఉంది కనుక నియామకానికి ముందే ఆడిటర్‌ను సంప్రదించాలి.

ఏజెంటుకు నెల జీతం ఉండదు కాబట్టి చాలామంది అటే మొగ్గుతారు. కానీ జర్మన్ వాణిజ్య చట్టం ప్రకారం, అతను తెచ్చిన ఖాతాదారుల వల్ల మనకు లాభం కొనసాగుతుంటే, ఒప్పందం ముగించేటప్పుడు ఒక ఏడాది సగటు కమీషన్ దాకా పరిహారం ఇవ్వవలసి రావచ్చు. పైగా కొనుగోలుదారుడితో చనువు ఏజెంటుదే తప్ప మనది కాదు. టోకు మిర్చికి మాత్రం ఏజెంటు చాలు. అక్కడ మాట కన్నా ల్యాబ్ రిపోర్టు చెల్లుతుంది. ఎండు మిర్చిలో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ బీ1 అనే విషం కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. ఆ పరీక్షలో నెగ్గాలంటే జాగ్రత్త ఇక్కడి కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో పడాలి. జర్మనీలోని హాంబర్గ్‌లో ఎంత గట్టి జట్టు ఉన్నా లాభం లేదు.

గల్ఫ్ సంగతి వేరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల వారు దశాబ్దాలుగా అక్కడ ఉన్నారు కనుక, మన మనిషీ అక్కడి మనిషీ ఒకరే కావచ్చు. అయితే ఊరివాడన్న నమ్మకంతో బావమరిదికి గోదాము తాళాలు ఇచ్చి, తర్వాత లెక్క అడగడానికి మొహమాటపడటం మనకు కొత్త కాదు. యూఏఈలో 2021 నుంచి చాలా రకాల వ్యాపారాల్లో పూర్తి వాటా విదేశీయులే ఉంచుకోవచ్చు. సౌదీలో మాత్రం 2011లో మొదలైన నితాఖాత్ విధానం ప్రకారం సౌదీ జాతీయులకు కూడా ఉద్యోగాలు ఇవ్వాలి కాబట్టి, మొత్తం తెలుగు జట్టుతో అక్కడ నెట్టుకురావడం కష్టం.

దర్రీల వంటి చేతిపని సరుకుకు నా ఓటు అక్కడి ఉద్యోగికే, కానీ ఒక షరతుతో. రెండో లాట్‌లో ఎరుపు నమూనాకు కలవలేదని కొనుగోలుదారుడు జర్మనీలో మధ్యాహ్నం మూడింటికి ఫొటో పంపితే, ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. ఆ వేళకు అద్దకం మేస్త్రీని అడిగి, సరుకు మార్చాలా ధర తగ్గించాలా తేల్చగల మనిషి కొత్తవాడ ఆఫీసులో ఉంటేనే అక్కడి ఉద్యోగి మాటకు విలువ. ఎంత శాతం వరకు తగ్గింపును అక్కడి ఉద్యోగి స్వయంగా ఇవ్వవచ్చో నియామక పత్రంతో పాటే రాసి ఇవ్వాలి. ప్రదర్శన రోజుల్లో మగ్గం తెలిసిన ఒకరిని ఇక్కడి నుంచి తోడు పంపాలి.