"ఆర్థో" అన్న మాట చూసి పరుపు కొనేయకండి, మేం 18,500 పోగొట్టుకున్నాం

ఇంట్లో పెద్దవాళ్లకి నడుం నొప్పి అని ఆన్‌లైన్‌లో ఆర్థోపెడిక్ పరుపు బుక్ చేయబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

మా నాన్నకి 71. పగలు ఎలాగో నెట్టుకొస్తారు గానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చిందంటే ఇక అంతే, అటు తిరగలేరు, ఇటు తిరగలేరు, చివరికి మంచం పట్టె పట్టుకుని లేచి హాల్లో పచార్లు. పాత దూది పరుపు మధ్యలో గుంట పడింది, దానివల్లే అనుకున్నాను. గట్టి పరుపు నడుముకి మంచిదని చిన్నప్పటి నుంచీ వింటున్నదే ఆ ప్రకటనలోనూ ఉంది, పైగా 100 రాత్రులు ట్రయల్, నచ్చకపోతే డబ్బు వాపస్ అన్నారు.

మూడో రోజు పొద్దున్నే "చెక్క మీద పడుకోబెట్టావేంట్రా" అన్నారు నాన్న. అలవాటవుతుందిలే అని సర్దిచెప్పాను, బుద్ధి లేక. వారం తిరిగేసరికి నడుముకి తోడు తుంటి, భుజం కూడా పట్టేశాయి. పక్కకి తిరిగి పడుకుంటే అవి కాస్త లోపలికి దిగాలి కదా, ఇది దిగితేనా! అనుమానమొచ్చి కవర్ జిప్ తీశాను. మెమరీ ఫోమ్ (ఒంటి బరువుకి తగ్గట్టు మెత్తగా దిగేది) అని పెద్దక్షరాల్లో రాసింది పైన వేలెడు మందం కూడా లేదు, కిందంతా రంగురంగుల ఫోమ్ ముక్కల్ని జిగురుతో అదిమిన దిమ్మ. రీబాండెడ్ అంటారట. అది వాడటం మోసమేం కాదు, కానీ చెప్పి అమ్మాలిగా.

వాపస్ అడిగితే ముందు 30 రాత్రులు పడుకుని తీరాలన్నారు. సరే, పడుకున్నారు. తర్వాత ఫోటోలు, వీడియో, ఒక మనిషి వచ్చి చూసుకోవడం, ఆఖరికి "జిప్ తీశారు కాబట్టి వర్తించదు". ఆ షరతు నిజంగానే ఉంది, పేజీలో అట్టడుగున. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

తర్వాత తెలిసిందేంటంటే, స్పెయిన్‌లో 313 మంది నడుం నొప్పి ఉన్నవాళ్ల మీద పరిశీలించి 2003లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, బాగా గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదే మేలని. "ఆర్థో" అనేది కంపెనీ తనకు తానే తగిలించుకునే మాట.

అసలు ముందు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి. ఆయన పరుపు ఊసే ఎత్తలేదు, కాళ్లు తిమ్మిరా, మూత్రం ఆపుకోగలుగుతున్నారా, జ్వరం ఉందా, బరువు తగ్గారా అని అడిగారు. వీటిలో ఏదున్నా ఆగకూడదట. మాకు అవేవీ లేవు. పక్కకి పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు, లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా పక్కకి దొర్లి, కాళ్లు కిందికి దించి, చేత్తో ఊతం తీసుకుని లేవడం నేర్పించారు. నాన్న ఇప్పుడు నాలుగు దాకా పడుకుంటున్నారు, దూది ఏకించి మళ్లీ కుట్టించిన ఆ పాత పరుపు మీదే.

కొనక తప్పదంటే పెద్దవాళ్లనే షాపుకి తీసుకెళ్లి పావుగంట పక్కకి పడుకోబెట్టి చూడండి. జిప్ తీశాక కూడా డబ్బు రాబట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలాగో కాస్త చెప్పండి, ఆ దిమ్మ హాల్లో గోడకి ఆనించి ఉంది.