పలమనేరు చలిలో క్రాప్ కవర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మొగిలి ఘాటు ఎక్కాక వచ్చే ఊరు మాది. మామిడి చెట్టు నీడకు గడ్డి రాదని నేలంతా ఎపీసియా, సింగోనియం, వాండరింగ్ జ్యూ పెంచుతున్నాను. ఇవే మొక్కలు తిరుపతిలో మా చెల్లెలింట్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. ఇక్కడ ధనుర్మాసం వచ్చిందంటే ఎపీసియా ఆకుల అంచులు నల్లబడి, ముట్టుకుంటే మెత్తగా చేతికొచ్చేసేవి. రైతులు టమాటా మీద, పుచ్చ మీద కప్పే క్రాప్ కవర్ అనే పల్చటి తెల్ల గుడ్డ తెచ్చి కప్పడం మొదలుపెట్టాక ఆ బాధ చాలావరకు తప్పింది.

ఈ గుడ్డ వేడి పుట్టించదు. పగలంతా నేల పట్టుకున్న వేడి రాత్రి తొందరగా పోకుండా ఆపుతుంది, అంతే. కాబట్టి పొద్దు వాలకముందే కప్పాలి. నేల తడిగా ఉంటే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, నీళ్లు పొద్దునపూట పోయడం మేలు. అదీ ఆకుల మీద కాదు, మొక్క మొదలు దగ్గరే. చల్లటి నీళ్లు పడితే ఎపీసియా ఆకు మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి, ఆకు రాలిందాకా అవి పోవు.

గుడ్డ ఆకుకు తగలకూడదు. మంచుకు తడిసి ఆకుకు అంటుకున్న చోట కింద మళ్లీ నలుపే. కమ్మీలు విల్లులా వంచి, జానెడు ఎత్తున కప్పితే సరిపోతుంది. 17 జీఎస్ఎం (చదరపు మీటరుకు 17 గ్రాముల బరువు) గుడ్డ కమ్మీ తగిలిన చోటల్లా చిరిగింది. డబ్బు కాస్త ఎక్కువైనా 25 కొనండి.

మంచు కురిసే దేశాల్లో విన్కా, ఐవీ లాంటి నేల మీద పాకే మొక్కలపై కొమ్మలు కప్పి చలికాలమంతా అలాగే ఉంచుతారు. అక్కడ నేల గడ్డకట్టి వేర్లకు నీళ్లందవు, పైన ఎండకూ గాలికీ ఆకు ఆరిపోతుంది. మనకు ఆ బాధ లేదు. ఎండ రాగానే తీసేయండి, లేకుంటే లోపల చెమ్మ చేరి కుళ్లు మొదలవుతుంది. రథసప్తమి దాటాక మడిచి నీడలో దాచండి, ఎండలో వదిలేస్తే గుడ్డ పొడిపొడి అవుతుంది.

కవర్‌కు బదులు శెనక్కాయ పొట్టు పరిచేవాళ్లున్నారు. చవకే, కానీ నాకు నచ్చలేదు. చెదలు పడతాయి, పైగా శెనక్కాయ చేలో ఉండే మొదలుకుళ్లు తెగులు పొట్టుతో పాటు వచ్చే ప్రమాదం ఉంది. కాండం చుట్టూ తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి ఉండలు కనిపిస్తే అదే.

నేల మీద పాకే పసుపు పూల వెడీలియా ఒక్కటే పెంచేవాళ్లు ఈ ఖర్చు పెట్టకండి, దానికి మా ఊరి చలి ఒక లెక్క కాదు.