ఓర్మ్ పుస్తకం చదివి బొబ్బిలి కోట కట్టాం

సీసపు సైనికులనూ పాచికలనూ పెట్టుకుని పాత యుద్ధాలను బల్లమీద ఆడుకునేవాళ్లం మన దగ్గర చాలా తక్కువమందిమి. ఈ వార్‌గేమ్‌లలోకి కొత్తగా ఎవరు వచ్చినా మొదట అడిగేది ఒకటే: కంపెనీ కాలపు దండయాత్రలు ఆడాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? నా జవాబు పన్నెండేళ్లుగా మారలేదు. రాబర్ట్ ఓర్మ్ రాసిన ‘హిస్టరీ ఆఫ్ ది మిలిటరీ ట్రాన్సాక్షన్స్ ఆఫ్ ది బ్రిటిష్ నేషన్ ఇన్ ఇందోస్తాన్’ చదవండి. అందులోనూ రెండో సంపుటం ముందు చదవండి. మన బొబ్బిలి, మన చందుర్తి, మన బందరు అందులోనే ఉన్నాయి.

మొదటి సంపుటం 1763లో, రెండోది 1778లో అచ్చయ్యాయి. ఓర్మ్ 1728లో కేరళ తీరాన అంజెంగోలో పుట్టాడు. మద్రాసు కౌన్సిల్‌లో సభ్యుడిగా పనిచేశాడు, తరువాత ఈస్టిండియా కంపెనీకి చరిత్రకారుడయ్యాడు. అంటే ఈయన కంపెనీ ఉప్పు తిన్న మనిషి. ఆ సంగతి ప్రతి పేజీలోనూ గుర్తుపెట్టుకోవాలి. అయినా నేను ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఉంది. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్లు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచినవాణ్ణి నేను. గోడ ఎత్తెంత, అడవి ఎంత దూరం, ఫిరంగులు ఎన్ని, దాడి ఎన్ని గంటలకు మొదలైంది అని చెప్పే రచయిత దొరికితే నాకు ప్రాణం లేచి వస్తుంది. చాలామంది చరిత్రకారులు ‘భీకర యుద్ధం జరిగింది’ అని రాసి ముందుకు వెళ్లిపోతారు. ఓర్మ్ ఆగుతాడు, కొలుస్తాడు.

కొనేవారికి ముందే ఒక హెచ్చరిక. పాత ప్రతిని స్కాన్ చేసి అచ్చు వేసి అమ్ముతున్న పునర్ముద్రణలు చాలా ఉన్నాయి. నేను మొదట కొన్నది అలాంటిదే. పుస్తకంలో మడతపెట్టి అతికించిన పటాలను ఆ ప్రచురణకర్త విప్పకుండానే స్కాన్ చేశాడు. మూడు వంతుల పటం మడతలోనే మిగిలిపోయింది. పటం లేని యుద్ధచరిత్ర మాలాంటివాళ్లకు కొలబద్ద లేని సర్వే. కొనేముందు పటాల పేజీలు చూపమని అడగండి. లేకపోతే డిజిటల్ గ్రంథాలయాల్లో ఉచితంగా దొరికే ప్రతులను రెండుమూడు పోల్చి చూసుకోండి, ఒకదాంట్లో కాకపోతే మరొకదాంట్లో పటం విప్పి ఉంటుంది.

రెండో ఇబ్బంది పేర్లు. విజయనగరం రాజు విజయరామరాజు ఇందులో ‘విజెరామ్‌రాజ్’ అవుతాడు, ఆనందరాజు ‘అనందెరాజ్’ అవుతాడు, ఏలూరు ‘ఎలోర్’, రాజమహేంద్రవరం ‘రాజమంద్రమ్’. మొదట్లో చిరాకు వేస్తుంది. పెదవులు కదుపుతూ బయటికి చదవండి. ఏ ద్విభాషి నోట విని ఆ దొర రాసుకున్నాడో ఆ ఉచ్చారణ చెవికి తగులుతుంది, ఊరు తెలిసిపోతుంది. ఈ విషయంలో తెలుగువారికి ఉన్న వెసులుబాటు లండన్‌లో కూర్చుని చదివే ఆటగాడికి లేదు.

ఇక ఆటల సంగతి. కొత్తవారికి నేను మొదట చెప్పేది చందుర్తి. ఓర్మ్ దాన్ని కాండోర్ అంటాడు. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతంలో, గొల్లప్రోలు దగ్గర జరిగిన యుద్ధం. ఒకవైపు క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన కర్నల్ ఫోర్డ్, ఆయనకు తోడుగా విజయనగరం ఆనందరాజు బలగం. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. యూరోపియన్ సైనికులు రెండువైపులా ఇంచుమించు ఐదేసి వందలు. సిపాయిల్లో మాత్రం ఫ్రెంచివారిది పైచేయి, ఫిరంగులైతే ఇంగ్లీషువారి కంటే ఎన్నో రెట్లు.

ఈ యుద్ధాన్ని తేల్చినవి రెండు: ఒక పంట చేను, ఒక కోటు రంగు. ఫోర్డ్ తన యూరోపియన్ పటాలాన్ని మధ్యన, సిపాయిలను రెండు పక్కలా నిలిపాడు. మధ్య పటాలం ముందున్న చేను మనిషిని మించి ఎదిగి, వారిని పూర్తిగా కప్పేసింది. బెంగాల్ సిపాయిలు వేసుకున్నవి ఎర్ర కోట్లు. ఫ్రెంచివారు ఆ ఎరుపు చూసి, అదే ఇంగ్లీషు పటాలమనుకుని తమ యూరోపియన్లను సిపాయిల మీదికి తోలారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచామని వరుస తప్పి తరుముతున్న ఫ్రెంచివారి పక్కకు, చేనులోంచి అసలు పటాలం వచ్చి తుపాకులు ఎక్కుపెట్టింది. ఆ రాత్రికే కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి చేరుకున్నాడు.

ఓర్మ్ ఆ పంటను మొక్కజొన్న అని రాశాడు. నాకు మాత్రం అది జొన్న అనిపిస్తుంది. మార్గశిరంలో మా మెట్ట పొలాల్లో మనిషిని మింగేసేంత ఎత్తున నిలబడేది జొన్నే. కాబట్టి బల్లమీద కూడా జొన్నచేనే వేశాను. అరకు సంతలో దొరికే కొండచీపురు కొని, పూత ఉన్న కొసలు రెండు అంగుళాల చొప్పున కత్తిరించి, థర్మోకోల్ పలకలో దగ్గర దగ్గరగా గుచ్చాను. రెండు చీపుర్లకు చేను సిద్ధమైంది. పదిహేను మిల్లీమీటర్ల బొమ్మలు అందులో నిజంగానే కనబడకుండా పోయాయి.

ఫ్రెంచి పక్షం మా బావకు ఇచ్చాను. ఆయనకు ఈ యుద్ధం గురించి ఏమీ తెలియదు, నేనూ చెప్పలేదు. నా సిపాయిలందరికీ ఎర్ర కోట్లు వేశాను. ఆయన బల్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, “నీ దొరలు ఎడమ చివర ఉన్నారు బావా, చూశాను” అని తన మేలైన పటాలాన్ని సరిగ్గా సిపాయిల మీదికే పంపాడు. మూడో వంతు ఆట పూర్తయ్యేసరికి చీపురు చేనులోంచి నేను అసలు పటాలాన్ని బయటికి తీశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది ఒకటే, “ఆ పుస్తకం ఇటివ్వు.” అప్పటినుంచి ఆ ప్రతి ఆయన దగ్గరే ఉంది, నేను ఇంకొకటి కొనుక్కున్నాను.

బందరు ముట్టడి దీని తరువాతి ఘట్టం. 1759 మార్చి నుంచి ఏప్రిల్ వరకు ఫ్రెంచివారి కోటను ఫోర్డ్ ముట్టడించాడు. బెజవాడ వైపునుంచి ఫ్రెంచివారికి తోడుగా హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు, ఫోర్డ్ దగ్గర ఫిరంగి మందు రెండు రోజులకు మించి లేదు. వెనక్కి పోయే దారి లేక, ఏప్రిల్ 7 అర్ధరాత్రి కోటమీదికి ఎక్కి దాన్ని పట్టుకున్నాడు. పట్టుబడిన వాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ. ఆటగాడికి ఇందులో ఒక ముత్యం ఉంది. ఫోర్డ్ సేనలోని కెప్టెన్ యార్క్ దళం బురుజు మీద సాగిపోతుండగా ఎవరో చిన్న మందుగుండు గదిని చూసి “మందుపాతర!” అని అరిచాడు. దళమంతా వెనక్కి పరుగు. యార్క్ పక్కన ఇద్దరు నగారా కుర్రాళ్లు మాత్రం వాయిస్తూ మిగిలారు. ఒక్క కేకతో దళం చెదిరే ఈ నియమం మా ఆటలో ఇప్పుడు స్థిరపడిపోయింది. పాచిక మీద ఒకటి పడితే చాలు, చీకట్లో ఎవరో అరిచినట్టే.

తోడుగా మరో రెండు పుస్తకాలు ఉంచుకోండి. మాలెసన్ 1883లో ప్రచురించిన ‘డిసైసివ్ బ్యాటిల్స్ ఆఫ్ ఇండియా’ చందుర్తినీ బందరునూ కలిపి ఒకే కథగా చెబుతుంది, వేగంగా చదివించుకుంటుంది. ఓర్మ్‌కు ముందు దీన్ని చదివితే దారి తెలుస్తుంది. కాల్వెల్ రాసిన ‘స్మాల్ వార్స్’ 1896 నాటిది. అది దండయాత్రల చరిత్ర కాదు, వలస సైన్యాలు స్థానిక బలగాలతో ఎలా పోరాడాలో అధికారులకు నేర్పే పాఠ్యగ్రంథం. ఆట నియమాలు రాసుకునేవారికి పనికొస్తుంది. కానీ ఎదుటివాడిని అది మనిషిగా కాక, తేల్చవలసిన సమస్యగా చూస్తుంది. నేను ఒకసారి పూర్తిగా చదివి పక్కన పెట్టాను.

ఇప్పుడు బొబ్బిలి. ఓర్మ్ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన పేజీలు ఇవే. యుద్ధం మొదలుపెట్టే ముందు ఆయన మన్నె ప్రాంతపు కోట ఎలా కడతారో వివరిస్తాడు. చదరపు కోట, ఒక్కో పక్క రెండు వందల గజాలు. నాలుగు మూలలా గుండ్రని బురుజులు, ప్రతి పక్క మధ్యనా ముందుకు పొడుచుకొచ్చిన చదరపు బురుజు. గోడ ఎత్తు ఇరవై రెండు అడుగులు. లోపల మనుషులు నిలబడే కట్ట పన్నెండు అడుగులు, దానిమీద పదడుగుల పిట్టగోడ, మందం మూడు అడుగులే. పిట్టగోడలో కాల్చిన మట్టి గొట్టాలు బిగించి కన్నాలు, తుపాకీకీ బాణానికీ బల్లేనికీ అవే దారులు. గోడమీద గడ్డి కప్పు, దాని చూరు పిట్టగోడ మీదికి వంగి మనిషి దూరలేనంత దగ్గరగా ఉంటుంది. ద్వారం తిన్నగా ఉండదు, సగం దూరం పోయి మలుపు తిరుగుతుంది. బయట ముళ్లకంప. కోట చుట్టూ ఐదు వందల గజాల ఖాళీ నేల, దాని ఆవల మైళ్ల మందాన అడవి, ఆ అడవిలో ముగ్గురు పక్కపక్కన నడవగలిగినంత ఒకే ఒక్క వంకర దారి.

మట్టిని ఒక వరస వేసి, అది ఎండలో గట్టిపడ్డాకే పై వరస వేస్తారని కూడా ఓర్మ్ రాశాడు. ఆ వాక్యం చదివినప్పుడు మా అమ్మమ్మగారి ఇంటి వెనక గోడ కళ్లముందు నిలిచింది. వరసకూ వరసకూ మధ్య సన్నని గీత, వాన పడితే ఆ గీతల్లోంచి ముందుగా దిగే తడి. అందుకని కోటను అట్టతో కట్టలేదు. ఎర్రమట్టిలో ఊక కలిపి పిసికి, రోజుకు ఒక వరస చొప్పున వేశాను. మా బొమ్మల కొలతకు ఇరవై రెండు అడుగుల గోడ ఆరు సెంటీమీటర్లు. కన్నాలకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిళ్లు ముక్కలుగా కోసి పచ్చిమట్టిలో గుచ్చాను. అంగుళానికి పది గజాలు లెక్క వేస్తే కోట ఇరవై అంగుళాలు, చుట్టూ ఖాళీ నేలతో కలిపి పదడుగులు. ఏ బల్లా చాలదు. వసారా గచ్చుమీదే కోట వెలిసింది. పదకొండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఆ వైపు నడవలేదు.

1757 జనవరి 24. కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర ఏడు వందల యాభై మంది యూరోపియన్లు, నాలుగు ఫిరంగులు. వెంట విజయరామరాజు సైన్యం పదకొండు వేలు. తెల్లవారుతుండగా ఫిరంగులు బురుజుల మీద మొదలయ్యాయి. నిప్పంటుకుంటుందని లోపలివారు తామే గడ్డి కప్పు పీకి పారేశారు. తొమ్మిదికి నిచ్చెనలు. ఒక గంటసేపు ఎంత పెనుగులాడినా ఒక్క మనిషి పిట్టగోడ దాటలేదు. అలసి ఆగారు, మళ్లీ వచ్చారు. లోపలివారు పిట్టగోడ మీదికి ఎక్కి నిలబడి, పైకి వచ్చేవాడిని పట్టుకుని నిచ్చెనతో సహా కిందికి తిప్పెయ్యాలని చూశారు. శరణు కోరితే ప్రాణాలు ఇస్తామంటే కాదన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు కూడా కోటగోడ మీద శత్రువు కాలు పడలేదు.

ఇంతటి ధైర్యం ఈ దేశస్థుల్లో ఏ యూరోపియనూ అంతవరకు చూడలేదని ఓర్మ్ రాస్తాడు. ఆ పొగడ్త నాకు గుచ్చుకుంటుంది. చూడలేదంటే ఉండదనుకున్నారనే కదా అర్థం. చనిపోయిన యూరోపియన్ అధికారికి పేరుతో చోటిచ్చే ఈ రచయిత సిపాయిలను వందల లెక్కన ముగించేస్తాడు. తరువాత విజయరామరాజును డేరాలో పొడిచి చంపినవారు ఆయన కథలో కోటనుంచి తప్పించుకున్న సైనికులు. మన జంగం కథల్లో, బుర్రకథల్లో ఆ పని తాండ్ర పాపారాయుడిది. ఓర్మ్ చదివేవారు బొబ్బిలి కథ కూడా ఒకసారి విని తీరాలి. ఒకటి గోడ ఎత్తు చెబుతుంది, రెండోది గోడమీద నిలబడ్డవాడి పేరు చెబుతుంది.

ఆ మధ్యాహ్నం రెండు దాటాక ఏం జరిగిందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. బొబ్బిలి రాజు రంగారావు ముఖ్యులను పిలిచి, ఆడవారినీ పిల్లలనూ శత్రువు చేతిలో పడనివ్వకూడదని నిర్ణయించాడు. ఆ పేజీ ఓర్మ్ ఏ దాపరికమూ లేకుండా రాశాడు. చివరకు లోపలికి వచ్చినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నిలబడిపోగా, ఒక ముసలివాడు చిన్న పిల్లవాడి చేయి పట్టుకుని నడిచి వచ్చి, రంగారావు కొడుకు ఇతడు, తండ్రి మాట కాదని నేను దాచాను అని ఫ్రెంచి అధికారికి అప్పగిస్తాడు.

మేము ఈ యుద్ధాన్ని ఆరుసార్లు ఆడాం. ప్రతిసారీ గడియారం బొమ్మ రెండు గంటలకు చేరగానే ఆట ఆపేస్తాం. అప్పటికి గోడ దాటకపోతే కోట గెలిచినట్టు. ఆ తరువాతి భాగానికి మా దగ్గర నియమాలు లేవు, రాయబోము. పాచికలు పక్కన పెట్టి, మా బావ ఆ ముసలివాడి పేరా చివరిదాకా బయటికి చదువుతాడు. చదివాక బొమ్మలను గుడ్డ పరిచిన డబ్బాలో ఒక్కొక్కటిగా సర్దుతాం.